కాఫీ గ్లాసులో రెండు రూపాయలు

తెల్లవారి ఫిల్టరు మూత తీయగానే గుప్పుమనే డికాక్షను వాసన ముక్కుకు తగలకపోతే మన యిళ్ళలో చాలామందికి అసలు తెల్లవారినట్టే వుండదు. పేపరు ఆలస్యమైనా సర్దుకుంటారు, కుళాయి రాకపోయినా ఓర్చుకుంటారు గాని, కాఫీ ఆలస్యమైతే మాత్రం యిల్లు యిల్లంతా చిటపటలాడుతుంది. అటువంటి కాఫీ విషయంలో ఒక చిన్న తగవును యిక్కడ చదువరుల ముందు పెడుతున్నాను. తీర్పు ఎవరి యింట్లో వారే చెప్పుకోవచ్చు.

ఒక కాఫీ పొడి దుకాణాన్ని వూహించుకోండి. మర గరగరమని తిరుగుతోంది. బల్లమీద రెండు పొట్లాలున్నాయి. ఒకటి యెప్పుడూ కొనే పొడి. రెండోదానిమీద ఒక చిన్న ముద్ర వుంది. ధర మాత్రం కిలోకు రెండు వందల రూపాయలు యెక్కువ.

"ఏమండీ, దీనిమీద ఏదో ముద్ర వుంది, చూశారా? చెట్లు కొట్టకుండా, మందులు చల్లకుండా పండించారట. రైతుకు మంచి ధర కూడా యిస్తారట" అంటుంది యిల్లాలు.

"బాగానే వుంది. మనం తాగేది కాఫీనా, ముద్రా?" అంటాడు యింటాయన.

ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది. కనుకనే యిది తగవు అయింది.

రుచికి వెనకాడని చెయ్యి

మనవాళ్ళు కాఫీ దగ్గర పిసినారులు కారు. పీబెర్రీ గింజకు నాలుగు డబ్బులు యెక్కువైనా యిస్తారు. చికోరీ కలపని పొడి కావాలని పట్టుబట్టే యిళ్ళున్నాయి. నీళ్ళ పాలు పోస్తే డికాక్షను పరువు పోతుందని చిక్కటి పాలు తెప్పిస్తారు. పిండి కొద్దీ రొట్టె అని మనకు తెలుసు.

అయితే యీ ఖర్చంతా నాలుకకు తెలుస్తుంది. ముద్ర సంగతి అలా కాదు. కొండమీద ఒక చెట్టు నరకకుండా వుంటే, ఒక తల్లి కూలి డబ్బు సరిగా అందుకుంటే, మన గ్లాసులో రుచి మారదు. కంటికీ నాలుకకూ తెలియని మేలుకు జేబులోంచి డబ్బు తీయమనడమే యిందులో చిక్కు.

పైగా పొట్లం మీద రాసింది చదివే అలవాటు మనకు తక్కువ. చికోరీ కలిపిన పొడిలో కాఫీ యెంత పాలు, చికోరీ యెంత పాలు అన్నది పొట్లం మీద తప్పకుండా రాయాలని మన చట్టం. కాఫీ నూటికి యాభై ఒకటికి తగ్గకూడదు. అంటే దాదాపు సగం చికోరీ వున్నా చట్టానికి అభ్యంతరం లేదన్నమాట! ఆ అంకెనే చూడకుండా సంచిలో వేసుకునే మనం, పక్కనున్న ముద్రను పట్టించుకుంటామా?

నవల పేరు పెట్టుకున్న ముద్ర

ఈ ముద్రల కథ వినదగింది. 1860లో డచ్చి భాషలో ఒక నవల వచ్చింది. రాసినాయన జావాలో వలస ప్రభుత్వపు వుద్యోగి. అక్కడి రైతులను పాలకులు యెలా పిండుకుంటున్నారో చూసి, వుద్యోగం వదులుకుని, 'ముల్టాటులీ' అన్న మారుపేరుతో ఆ అన్యాయాన్ని బయటపెట్టాడు. అందులో కథానాయకుడి పేరు మాక్స్ హావెలార్. ఆ తరవాత నూట యిరవై యెనిమిదేళ్ళకు, 1988లో, హాలెండులో మొదటి న్యాయవ్యాపార ముద్రకు ఆ పేరే పెట్టారు. మెక్సికోలోని వొహాకా కొండల్లో చిన్న రైతులు సహకార సంఘంగా యేర్పడి పండించిన కాఫీ ఆ ముద్రతో డచ్చి దుకాణాలకు చేరింది.

అది సరిగ్గా అవసరమైన సమయం. అంతవరకు, 1962లో కుదిరిన అంతర్జాతీయ కాఫీ ఒప్పందం ప్రకారం, ఏ దేశం యెంత సరుకు యెగుమతి చేయాలో వాటాలుండేవి. ధర మరీ పడిపోకుండా అదొక కట్ట. 1989 జూలైలో ఆ కట్ట తెగింది. ధరలు జారిపోయాయి. 2001 నాటికి న్యూయార్కు సంతలో పౌను, అంటే సుమారు 454 గ్రాముల అరబికా గింజల ధర, యాభై సెంట్ల కిందికి దిగింది. ఆ ధరకు కోతకూలి కూడా గిట్టక యెందరో రైతులు తోటలను వదిలేశారు. మనవైపు సామెత వుంది కదా: అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ప్రపంచమంతా కాఫీ రైతుది అదే అనుభవం.

నేటి ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఆ హాలెండు ముద్ర సంతానమే. దాని లెక్క యిది: కడిగి శుభ్రపరచిన అరబికా గింజకు పౌనుకు కనీసం యింత అని ఒక ధర కడతారు. 2011 నుంచి అది 1.40 డాలర్లు, 2023 ఆగస్టు నుంచి 1.80 డాలర్లు. సంతలో ధర అంతకంటె యెక్కువ పలికితే ఆ యెక్కువ ధరే యివ్వాలి. దానిమీద మరో 20 సెంట్లు రైతుల సంఘానికి వేరుగా చేరుతుంది. అది బడికా, బావికా, గింజలు ఆరబోసే కళ్ళానికా అన్నది సభ్యులు కూర్చుని తేల్చుకుంటారు. సేంద్రియంగా పండిస్తే యింకో 40 సెంట్లు.

అన్ని ముద్రలూ ఒకే మాట చెప్పవు. కప్పబొమ్మ వుండే రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ ముద్ర అడవి, నీరు, కూలీల హక్కుల సంగతి చూస్తుంది. కాని కనీస ధరకు హామీ యివ్వదు. మన దేశపు 'జైవిక్ భారత్' ముద్ర సేంద్రియ ఆహారమని చెబుతుంది; రైతుకు యెంత ముట్టిందో చెప్పదు. భౌగోళిక గుర్తింపు సరుకు పుట్టిన వూరు చెబుతుందేగాని, పండించిన పద్ధతికి పూచీ పడదు. కొనేవారికి తలతిరగడంలో ఆశ్చర్యం లేదు.

నోటి మాట, జేబు మాట

'రైతుకు మేలు జరుగుతుందంటే నాలుగు రూపాయలు యెక్కువ యిస్తారా?' అని అడిగితే కాదనేవారు తక్కువ. కాదంటే బాగుండదు కదా! అయితే యెంత యెక్కువ? ఈ ప్రశ్నను బెల్జియంలో 808 మందిని అడిగి, ఆ ఫలితాలను 2005లో ప్రకటించారు. సగటున నూటికి పది వరకు యెక్కువ యిస్తామన్నారు. కాని అప్పట్లో అక్కడి దుకాణాల్లో న్యాయవ్యాపార కాఫీ ధర మామూలు దానికంటె నూటికి యిరవై యేడు యెక్కువ వుండేది. అంత యివ్వడానికి సిద్ధపడినవారు పదిమందిలో ఒక్కరు.

ఇది నోటి మాట. జేబు మాట తెలుసుకోవాలని అమెరికాలో ముగ్గురు పరిశోధకులు మరో దారి పట్టారు. ఒక పెద్ద సంస్థకు చెందిన 26 కిరాణా దుకాణాల్లో, బాగా అమ్ముడుపోయే రెండు రకాల విడి గింజల డబ్బాలకు కొన్ని వారాలు ముద్ర అంటించారు. కొన్ని వారాలు మామూలు కాగితం అంటించారు. కొనేవారికి పరీక్ష జరుగుతున్నట్టే తెలియదు. 2015లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం, ధర మార్చకుండా ముద్ర మాత్రం అంటిస్తే అమ్మకం దాదాపు నూటికి పది పెరిగింది. అంటే ముద్రకు విలువ వుంది. జనం కళ్ళు మూసుకుని కొనడం లేదు.

ఆ తరవాత ముద్ర వున్న కాఫీ ధర పెంచి చూశారు. రెండు రకాల్లో ఖరీదైనదాని ధర నూటికి యెనిమిది పెంచినా కొనేవారు చెక్కుచెదరలేదు. చవక రకం ధర నూటికి తొమ్మిది పెంచగానే అమ్మకం నూటికి ముప్ఫై పడిపోయింది! ఆ బేరగాళ్ళు ముద్ర లేని చవక గింజకు మళ్ళిపోయారు.

దీన్నిబట్టి చవక కాఫీ కొనేవారికి దయ తక్కువని తీర్మానించడం తప్పు. వారి జేబులో వెసులుబాటు తక్కువ. మంచితనానికి ధర కట్టినప్పుడు, కలిగినవారికి అది సులువు. లెక్కచూసుకుని బతికేవారికి అది ప్రతినెలా వచ్చే పరీక్ష. ఈ సంగతి మరచి 'జనానికి బాధ్యత లేదు' అని వుపన్యాసాలు చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు.

అరకు కొండల మీద

ఇంత దూరం హాలెండు, అమెరికా తిరిగి వచ్చాం. మన కొండలకు వెళదాం. విశాఖపట్నం నుంచి కిరండూలు రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, బొర్రా దాటి అరకు చేరినవారు ఆ పచ్చదనాన్ని మరచిపోలేరు. సముద్రమట్టానికి యించుమించు మూడువేల అడుగుల యెత్తు. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా నిలబడి వుంటాయి. వాటిని పెనవేసుకుని మిరియాల తీగలు. ఆ నీడలో కాఫీ మొక్కలు. 2022లో యేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో బగత, కొండదొర, వాల్మీకి, ఖోండు మొదలైన గిరిజన కుటుంబాలు యీ తోటలను పెంచుతున్నాయి. చాలామందికి వున్నది ఒకటి రెండెకరాలే.

అక్కడి వాలుల్లో పూర్వం పోడు సేద్యం సాగేది. అడవిలో ఒక చెక్క నరికి, కాల్చి, కొన్నేళ్ళు పండించి, మన్ను చవుడుబారగానే మరో చోటికి పోవడం. కాఫీ వచ్చాక ఆ అవసరం తగ్గింది. ఈ మొక్కకు నీడ కావాలి. నీడ కావాలంటే చెట్టు నిలవాలి. అంటే చెట్టు నిలవడంలోనే రైతుకు లాభం వుంది. అయితే నాటిన మూడు నాలుగేళ్ళకుగాని కాపు రాదు. కాపు వచ్చాక గిట్టుబాటు కాకపోతే, నిన్నటి నరుకుడు కత్తి మళ్ళీ చేతికి వస్తుంది. ముద్ర వెనక వున్న అసలు పందెం యిదే.

గిరిజన సహకార సంస్థ 1956 నుంచి కొండ సరుకులు కొంటోంది. కాఫీకి ధర ప్రకటించి కొంటుంది. 2007లో చిన్న, సన్నకారు గిరిజన రైతులు నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో తమ పరస్పర సహాయ సహకార సంఘాన్ని పెట్టుకున్నారు. సేంద్రియ పద్ధతిలో పండిన వారి కాఫీకి 2017లో పారిస్ నగరంలో ఏకంగా ఒక దుకాణమే వెలిసింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో ఢిల్లీలో జరిగిన జి-20 సమావేశానికి వచ్చిన దేశాధినేతలకు యిచ్చిన కానుకల్లో అరకు కాఫీ కూడా వుంది.

పేరు యింత దూరం పోయిందిగాని, పని మాత్రం తేలిక కాలేదు. నవంబరు మొదలు పండు కోత. ఒకే కొమ్మమీద యెర్రపండు, పసుపు కాయ, పచ్చికాయ కలిసి వుంటాయి. మంచి కాఫీ కావాలంటే యెర్రబడిన పండునే యేరి కోయాలి. మిగిలినవి పండాక మళ్ళీ రావాలి. ఆరు కిలోల పండు కోస్తే దక్కే గింజ దాదాపు ఒక్క కిలో. వేయించేటప్పుడు అందులో మరో ఆరోవంతు ఆవిరైపోతుంది. పచ్చికాయా పండూ ఒక్కసారే దూసి షావుకారుకు పోసేస్తే పని సులువు. చేతిలో డబ్బు లేనివాడు, ముందే అప్పు తిన్నవాడు, అదే చేస్తాడు. ఓపికగా కోసినందుకు ఫలితం కనబడితేనే ఓపిక.

దీనికి తోడు, 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. పురుగుపట్టిన కాయలను కోసి, మరుగునీటిలో ముంచి, గోతుల్లో పూడ్చవలసి వచ్చింది. ఏడాది శ్రమను తన చేతులతోనే పూడ్చిపెట్టే రైతుకు కలిగే బాధ వేరే చెప్పాలా? మందులు చల్లనని మాట యిచ్చిన రైతుకు యిటువంటి నష్టభయం మరీ యెక్కువ. ఆ మాటకు కొనేవారు యిచ్చే మర్యాదే అధికధర.

పూజారి వరం

ఇక యింటాయన సందేహానికి వద్దాం. "మనం యిచ్చేది ఆ కొండమీదికి చేరుతుందని యేమిటి నమ్మకం?" దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత వూరికే పుట్టలేదు.

సందేహం సబబైనదే. ముద్ర పొందాలంటే తనిఖీలకు డబ్బు కట్టాలి, లెక్కలు రాయాలి, సేంద్రియమైతే మొదట మూడేళ్ళు ఆగాలి. ఒంటరి చిన్న రైతు వల్ల కాదు కనుక, సంఘం కావాలి. అన్నీ చేసినా, ముద్ర వున్న సరుకంతా ముద్ర ధరకే అమ్ముడుపోదు. ఆ ధర యిచ్చే బేరగాడు చాలినంతమంది లేక, పలు దేశాల్లో సంఘాలు తమ పంటలో చాలాభాగం మామూలు సంతలో మామూలు ధరకే అమ్ముకున్నాయి. తనిఖీ ఖర్చు మాత్రం మొత్తం పంటకూ పడుతుంది. అంటే మనం కొననప్పుడు రైతు నష్టపోయేది అధికధర ఒక్కటే కాదు. దానికోసం ముందుగా పెట్టిన ఖర్చు కూడా.

మరొకటి: 2025 ఫిబ్రవరిలో అరబికా ధర పౌనుకు నాలుగు డాలర్లు దాటింది. అటువంటప్పుడు 1.80 కనీస ధర వున్నా లేకపోయినా ఒకటే. వానాకాలంలో గొడుగు విలువ యెండాకాలంలో తెలియదు. 2001ని చూసినవారు మాత్రం గొడుగు పారేయరు.

లెక్క చూద్దాం

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీయండి. గ్లాసుకు పది గ్రాముల పొడి అనుకుంటే, కిలోకు నూరు గ్లాసులు. కిలోమీద రెండు వందలు యెక్కువంటే, గ్లాసుకు రెండు రూపాయలు. "ఓస్, యింతేనా!" అంటుంది యిల్లాలు.

ఆగండి. నలుగురున్న యింట్లో పూటకొక గ్లాసు చొప్పున రోజుకు యెనిమిది గ్లాసులు. నెలకు రెండు వందల నలభై. అంటే నాలుగు వందల యెనభై రూపాయలు. "చూశావా!" అంటాడు యింటాయన. రెండు లెక్కలూ సరైనవే. గ్లాసును చూసేవారికి చిన్నదైన మొత్తమే, నెలను చూసేవారికి పెద్దదవుతుంది.

ఇక మూడో లెక్క వుంది. అది యెవరూ వేయరు. ఫెయిర్‌ట్రేడ్ ముద్ర వున్న కాఫీ అయితే, సంఘానికి చేరే ఆ 20 సెంట్లను మన గ్లాసుకు కుదిస్తే అర్ధరూపాయికి లోపే. సేంద్రియానికిచ్చే 40 సెంట్లు కూడా కలిపితే రూపాయిన్నరకు లోపు. మన రెండు రూపాయల్లో ఆ పోను మిగిలింది తనిఖీలకు, వేయింపుకు, రవాణాకు, పొట్లానికి, దుకాణానికి పంచుకోవాలి. దుకాణదారు కిలోకు రెండు వందలు కాక నాలుగు వందలు యెక్కువ వేసినా, రైతులకు చేరేది ఆ రూపాయిన్నరే కావచ్చు. కనుక 'యెక్కువ యిస్తారా?' అన్న ప్రశ్నకంటె, 'యిచ్చినదానిలో కొండకు యెంత?' అన్న ప్రశ్న ముఖ్యం. మొదటి ప్రశ్న కొనేవారి మంచితనానికి పరీక్ష. రెండోది అమ్మేవారి నిజాయితీకి పరీక్ష. ఇన్నాళ్ళూ మొదటి పరీక్షే జరుగుతోంది.

మన దేశంలో పండే కాఫీలో మూడింట రెండు వంతులకు పైగా విదేశాలకు పోతుంది. ముద్రలు కూడా అక్కడి కొనుగోలుదారులకోసం పుట్టినవే. అయినా కొండ మనది, రైతు మనవాడు. అడిగే హక్కు పారిస్ వారికంటె మనకు తక్కువేమీ కాదు.

అధికధర యిచ్చేముందు నాలుగు మాటలు అడిగితే చాలు. ఈ ముద్ర దేనికి — పద్ధతికా, ధరకా, వూరికా? గింజ యే సంఘం నుంచి వచ్చింది? ఆ సంఘానికి యెంత యిచ్చారు? ఇందులో కాఫీ యెంత, చికోరీ యెంత? జవాబు వస్తే, వీలున్నంత కొనండి. నెలకు సరిపడా కొనలేనివారు పావుకిలోతో మొదలుపెట్టవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. జవాబు రాకపోతే, మామూలు పొడితో యింటికి వెళ్ళినందుకు తలవంచుకోనక్కరలేదు.

మళ్ళీ మన దుకాణానికి వద్దాం. మర ఆగింది. యింటాయన యెప్పటి పొడి ముప్పావుకిలో కట్టమన్నాడు. ఇల్లాలు ముద్ర వున్నది పావుకిలో యిమ్మంది. రాజీ కుదిరింది. డబ్బు లెక్కపెడుతూ ఆమె అడిగింది:

"ఏమండీ షావుకారుగారూ, యీ ముద్ర దేనికి వేస్తారు?"

షావుకారు తెల్లబోయాడు. ఇన్నాళ్ళూ అమ్ముతున్నాడుగాని, ఒక్కరూ అడగలేదు. కళ్ళజోడు సవరించుకుని, పొట్లాన్ని తిప్పి, మొదటిసారిగా దానిమీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు.